గోనె సంచులు పరిచిన ఇల్లు

చిన్నోడికి నీళ్లు పోసి, తువ్వాలతో ఒళ్లు తుడుస్తూ, వాడి చేతులు పైకెత్తినప్పుడు చూశాను. చంకల కింద, పక్కటెముకల మీద నీలం మచ్చలు. మొదట స్వాతి సిరా పూసిందేమో అనుకున్నాను. స్వాతి నా కూతురు, ఒకటో తరగతి. వద్దన్నకొద్దీ సిరా సీసా ముట్టుకుంటుంది. తడిగుడ్డతో రుద్దాను. పోలేదు. వాడు నవ్వుతూ నా పుస్తెలతాడు పట్టుకుని గుంజుతున్నాడు, నొప్పి ఉన్నట్టే లేదు. రోజూ ఎత్తుకునేటట్టే ఎత్తుకుందామని చంకల కింద చేతులు పెట్టాను, పెట్టి ఆగిపోయాను. నా వేళ్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క మచ్చ మీదికి వచ్చి కూర్చున్నాయి. ముందురోజు వాడు గడప దాటి పాకిపోతుంటే గబుక్కున ఎత్తుకున్నాను, ఆ చేతులే ఇవి. వీపు వైపు ఇంకొన్ని మచ్చలు వెడల్పుగా, నా వేళ్లకు అందనంత ఎడంగా ఉన్నాయి కానీ వాటి గురించి ఆలోచించే స్థితిలో లేను. నేను ఎత్తుకున్నందుకే నా బిడ్డ ఒంట్లో నెత్తురు చిట్లింది.

"ఏందే, ఇంక కాలేదా? పిలగాన్ని నానబెడతానవా, శెనగలనుకున్నవా?" అని వంటింట్లోంచి అత్తమ్మ కేక వేశారు.

"అయిపోయింది అత్తమ్మా" అని తువ్వాల చుట్టేశాను. ఎంత మెల్లగా చుట్టానో నాకే తెలుసు. వచ్చే సోమవారం వేములవాడ ప్రయాణం. అక్కడి రాజన్న దేవుడి దగ్గర వాడి పుట్టెంట్రుకలు తీయించాలి, తిరిగొచ్చి ఇంట్లో చెవులు కుట్టించాలి. రెండూ మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చేయించాలి. మొదటి కత్తెర మేనమామ వేస్తేనే మంగలి కత్తి పట్టుకుంటాడు, చెవి పోగులు మేనమామ తెస్తేనే అవుసలాయన, అంటే కంసాలి, సూది తీస్తాడు. చుట్టాలకు పిలుపులు వెళ్లిపోయాయి. ఆ మేనమామ నా తమ్ముడు శంకర్. వాడి చెవులు కూడా ఒకప్పుడు ఇట్లాగే కుట్టించారు.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ మచ్చలు చూసిన నాటి నుంచి కళ్లు మూసుకుంటే నాకు మా పుట్టింటి వాకిలే కనిపిస్తోంది. వరంగల్‌లో ధాన్యం మార్కెట్ వెనక సందులో మా ఇల్లు. ముందు బాపు మిర్చి దుకాణం, వెనక మేముండే గదులు, రెంటికీ మధ్య షాబాదు బండలు పరిచిన వాకిలి. ఆ బండల రంగు ఏమిటని ఎవరైనా అడిగితే చిన్నప్పుడు నేను చెప్పలేకపోయేదాన్ని. ఎప్పుడూ వాటి మీద గోనె సంచులే. ఒకదాని అంచు ఒకదానికి చేర్చి, దబ్బనంలో సుతిలి దారం ఎక్కించి నాయనమ్మ కుట్టిన సంచులు. గడపల మీద సంచులు, బావి గచ్చు మీద సంచులు, గోడల మూలలకు చుట్టి కట్టిన సంచులు. శంకర్ పాకడం మొదలుపెట్టి, మోకాళ్ల నిండా ఇట్లాంటి నీలం మచ్చలు వచ్చిన రోజుల్లో ఆమె మొదలుపెట్టిందట. మా అమ్మ వంట, మా బాపు బేరం, నాయనమ్మ కుట్టు, ఈ మూడూ మా ఇంట్లో ఆగగా నేను చూడలేదు. ఎండాకాలం ఆ సంచులు అరికాళ్లను గీకేవి. వానాకాలం తడిసి, ముక్కిన జనపనార వాసన అన్నంలోకి కూడా వచ్చేది. దుకాణంలోంచి మిర్చి ఘాటు దానితో కలిసేది. ఇప్పటికీ బజారులో గోనె వాసన వస్తే నా కాళ్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి. ఆ ఇంట్లో ఎవరూ పరుగెత్తకూడదు. నేను పరుగెడితే వాడు పరుగెడతాడు.

పక్క దుకాణం రామయ్య సేటుకు ఆ సంచుల మీద తీరని అనుమానం. "ఏం సేటూ, ముసురు పట్టినా మిర్చి ఎండబోస్తానవా? సూర్యుడు మీ వాకిట్లనే పొడుస్తాండా?" అని అరుగు మీద నుంచి అడిగేవాడు. బాపు తల ఎత్తకుండా, "ఎండినయ్ మల్ల మెత్తబడ్డయ్ సేటూ, గాలికి పోసిన" అనేవాడు. గాలికి పోసిన మిర్చి మాత్రం వాకిట్లో ఒక్కటి కూడా ఉండేది కాదు. నేను బడికి పోయే వయసు రాగానే అమ్మ నాకు జడవేస్తూ నేర్పిన మొదటి పాఠం ఇదే. "ఎవలన్న అడిగితే మిరపకాయలు ఎండబోసినం అను. తమ్ముని సంగతి తియ్యకు. తెలిసిందా?" జడ గట్టిగా బిగించి మరీ అడిగేది. నాకు తెలిసింది. అందుకే బడి స్నేహితులను ఎవరినీ ఇంటికి తీసుకురాలేదు. సాయంత్రం మిగతా పిల్లలు సందులో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నేనూ శంకర్ ఆ సంచుల మీద కూర్చుని గవ్వలు వేసేవాళ్లం. గవ్వలు వేయడంలో వాడిని గెలిచినవాళ్లు లేరు. "నేను గోనెసంచుల రాజును, నువ్వు నా మంత్రివి. రాజు లేస్తేనే మంత్రి లేవాలె" అనేవాడు. రాజు చాలా రోజులు లేచేవాడు కాదు.

పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టకముందే నాయనమ్మ వాడి మంచం దగ్గరికి వచ్చేది. కళ్లు మూసుకుని, అరచెయ్యి తిరగేసి, మొదట ఒక మోకాలి మీద, తర్వాత రెండో మోకాలి మీద పెట్టేది. తర్వాత మోచేతులు, మడమలు. రెండూ ఒకేలా ఉంటే "చల్లగున్నడు" అని లేచేది. ఒకటి వెచ్చగా తగిలిందా, ఆ రోజు మా ఇల్లు మారిపోయేది. వాపు కంటికి కనబడటానికి ముందే ఆ వేడి ఆమె చేతికి తెలిసేది. వాడిని మంచం దిగనిచ్చేది కాదు. బాపు దుకాణంలో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. కత్తిపీట మా ఇంట్లో నేల మీద ఉండేది కాదు, పని అయిపోగానే ఎత్తయిన మేకుకు ఎక్కేది. బియ్యం, పప్పులు రెండోసారి ఏరాల్సిందే. పంటి కింద రాయి పడి చిగురు తెగితే ఏమవుతుందో మాకు తెలుసు. వాడి పాలపన్ను కదిలిందంటే మా ఇంట్లో పండుగ ఆగిపోయేది. పన్ను ఊడిన చోట నెత్తురు మొదట అందరికీ ఆగినట్టే ఆగేది. అమ్మ దండం పెట్టుకునేది. కాసేపటికి మెల్లగా మళ్లీ మొదలయ్యేది, గోడలో చెమ్మ ఊరినట్టు. నాయనమ్మ లెక్కలో అది ఒంటి వేడి. నెత్తురు వేడెక్కి పల్చబడిందని మజ్జిగ, సబ్జా నీళ్లు, జొన్న అంబలి తాగించేది. ఇవన్నీ తాగి వాడు బతికాడు కాబట్టి ఆమె నమ్మకం ఎన్నడూ సడలలేదు.

శంకర్ చెవులు కుట్టించినప్పటి సంగతి నాకు గుర్తు లేదు, వినడమే. సూది దిగినప్పుడు అందరి పిల్లల్లాగే ఏడ్చాడట, పోగులు పెట్టారట, భోజనాలు కూడా అయ్యాయట. తర్వాత మొదలైంది. తలగడ మార్చినకొద్దీ తడిసేదట. పసుపు అద్దారు, సున్నం పెట్టారు, సాలెగూడు తెచ్చి అంటించారు. ముహూర్తంలో వర్జ్యం ఉందని ఒకరు, అవుసలాయన చెయ్యి మంచిది కాదని ఒకరు అన్నారు. చివరికి పోగులు తీసేసి, దవాఖానకు తీసుకుపోయి, ఎవరిదో నెత్తురు ఎక్కిస్తే వాడు మిగిలాడు. ఆ తర్వాత ఇంకో పొరపాటు, అది మాత్రం నా కళ్ల ముందే జరిగింది. ఒకనాడు వాడి ఎడమ మోకాలు వెచ్చబడి ఉబ్బింది. పడలేదు, తాకలేదు. దవాఖానకు పోతే నలుగురికీ తెలుస్తుందని, బెణికిందని చెప్పి, బెణుకులు దిద్దే మనిషిని పిలిపించారు. ఆయన నువ్వుల నూనె వేడి చేసి, రెండు బొటనవేళ్లతో లోపలికంటా నొక్కి నొక్కి తోమాడు. వాడు అరుస్తుంటే నా చేత కాళ్లు పట్టించారు. తెల్లారేసరికి మోకాలు తాటికాయంత అయింది. లోపల కారుతున్న నెత్తురును మేమే ఇంకా కారేటట్టు చేశామని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ కాలు వాడు మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు. అప్పటినుంచి అడిగినవాళ్లకు చెప్పడానికి ఇంకో మాట దొరికింది. పోలియో.

నేను కాలేజీలో జీవశాస్త్రం తీసుకున్నానంటే అది వాడి మోకాలి వల్లే. అంతకుముందు నెత్తురంటే ఒక ఎర్రటి నీరు అనుకునేదాన్ని. ప్రాక్టికల్స్‌లో మేడమ్ ఒక గాజు గొట్టం చూపించారు. గడ్డకట్టకుండా మందు కలిపి నిలబెట్టిన నెత్తురు అందులో పొరలుగా విడిపోయి ఉంది. పైన ఎండుగడ్డి రంగులో ప్లాస్మా, అడుగున ఎర్రకణాలు, మధ్యలో మీగడలాంటి పల్చటి తెల్లపొర. ఎర్రకణాలు ఊపిరిని మోస్తాయి, తెల్లకణాలు రోగంతో పోరాడతాయి, ప్లాస్మా తిన్న తిండి సారాన్ని ఇల్లిల్లూ పంచి, చెత్తను మూత్రపిండాల దాకా మోసుకుపోతుంది, ఒంటి వేడిని అన్ని మూలలకూ సమంగా సర్దుతుంది అని చెప్పారు. చివరగా, నెత్తురుకు తన గండిని తానే పూడ్చుకునే గుణం ఉందన్నారు. అది చూపించడానికి మా అందరి వేళ్లూ సూదితో పొడిపించి, వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలోకి నెత్తురు ఎక్కించి, కాసేపాగి కొస నుంచి ముక్కలు ముక్కలుగా విరవమన్నారు. మొదటి ముక్కలు ఉత్తగా విరిగాయి. తర్వాత ఒక ముక్క విరిచి మెల్లగా జరిపితే, రెండు ముక్కల మధ్య ఒక సన్నని దారం సాగింది. నా నెత్తురులోంచి వచ్చిన దారం. తోటి పిల్లలు కేరింతలు కొట్టారు. నేను మాత్రం ఆ దారాన్ని చూస్తూ ఉండిపోయాను. వాడి దగ్గర లేనిది ఇదే.

ఆ సాయంత్రం శంకర్‌కు మా బజారు భాషలోనే చెప్పాను. "నెత్తురు అంటే మన మార్కెట్ అనుకో. ఎర్రకణాలు హమాలీలు, తెల్లకణాలు కావలోళ్లు. సంచి చిరిగిందనుకో, ముందుగల్ల ఉరికొచ్చి గుడ్డ అడ్డం పెట్టేటోళ్లు ఫలకికలు. తర్వాత సుతిలితోని కుట్టాలె గద? అది ఫైబ్రిన్ అనే దారం. కుట్టకుంటే గుడ్డ జారిపోతది, మల్ల కారుతది."

వాడు చాచలేని కాలు తలగడ మీద పెట్టుకుని విన్నాడు. "అంటే నా దుకాణంల అందరు పనోళ్లు ఉన్నరు. సుతిలి ఒక్కటే లేదు" అన్నాడు. కింద పరిచిన గోనె అంచు గీకుతూ, "ఇంట్లనేమో నాయనమ్మ కుట్టిన సుతిలే మొత్తం. నా లోపలికి జర ఇచ్చినా అయిపోతుండె" అని నవ్వాడు.

వాడికి చెప్పని భాగం ఇంకొకటి ఉంది. ఆ తర్వాతి ఏడు వంశపారంపర్యం పాఠంలో ఈ జబ్బు పేరు వచ్చింది. హీమోఫిలియా. తల్లి నుంచి కొడుకుకు వస్తుంది, తల్లికి ఏమీ కాదు. కూతుళ్లకూ ఏమీ కాదు, కానీ వాళ్లు మోయవచ్చు, మోసి వాళ్ల కొడుకులకు ఇవ్వవచ్చు. నేను ఇంటికొచ్చి అమ్మను అడిగాను. "అమ్మా, నీకొక తమ్ముడు ఉండే అంటరు, ఎట్ల పోయిండు?" అమ్మ పొయ్యి ఊదుతోంది. "అమ్మోరు పోసి పోయిండు" అంది. "అమ్మోరేనా? పన్ను ఊడిందా?" అన్నాను. అమ్మ ఊదుగొట్టం కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు. నాకు సంబంధం కుదిరినప్పుడు అమ్మ మా అత్తమ్మ ఎదురుగా కూర్చుని శంకర్ కాలికి పోలియో అని చెప్పింది. నేను తలుపు వెనక ఉన్నాను. స్వాతి ఆడపిల్లగా పుట్టినప్పుడు అందరూ ఓదార్చబోతే నేను ఎందుకు అంత హాయిగా నిద్రపోయానో ఎవరికీ అర్థం కాలేదు.

మచ్చలు చూసిన తెల్లవారే చిన్నోడిని ఎత్తుకుని రిక్షాలో హనుమకొండ నుంచి పుట్టింటికి వెళ్లాను. అంగీ ఎత్తి అమ్మకు చూపించాను. అమ్మ ముట్టుకోలేదు. గోడకు జారగిలబడి కూర్చుంది.

"నోరు తెరవకు బిడ్డా" అంది. "విమల పెండ్లి అయ్యేదాక తెరవకు. ఇన్నేండ్లు దాచినం, ఇంకొన్ని దినాలు దాచలేవా?"

విమల నా చెల్లెలు, మా అందరిలో చిన్నది. దానికి మరిపెడ సంబంధం ఖాయమయ్యేలా ఉంది. తెచ్చింది మా అత్తమ్మే, పిల్లవాడు ఆమె సొంత చెల్లెలి కొడుకు. మా అత్తమ్మకు తెలిస్తే మరిపెడకు తెలుస్తుంది, మరిపెడకు తెలిస్తే పెళ్లి ఉండదు.

"మరి చెవులు కుట్టకుండ ఎట్ల ఆపాలె అమ్మా?"

"జరమొచ్చిందను. మైల అను. ఏదో ఒకటి అను. ఆడిదానికి సాకులు నేర్పాల్నా?"

మా ఆయనకు మచ్చలు చూపిస్తే, "గడప తాకిందేమో. జర చూస్కోవాలె గద. దవాఖాన అంటే అమ్మ మొక్కుకు అడ్డమంటది, రాజన్న దగ్గరికి పొయ్యొచ్చినంక చూద్దాం" అని బట్టల దుకాణానికి వెళ్లిపోయాడు. మంచి మనిషే. కానీ ఆయనకూ చెప్పకుండానే కదా నన్ను ఇచ్చింది.  ఇటు తిరిగితే సూది, అటు తిరిగితే చెల్లెలు. పిల్లవాడు గడప వైపు పాకితే అడ్డం పోయి కూర్చునేదాన్ని. ఎత్తుకుందామంటే నా చేతులంటేనే భయం. రెండు అరచేతులు కిందినుంచి పోనిచ్చి, చేటలో బియ్యం ఎత్తినట్టు ఎత్తడం నేర్చుకున్నాను.

ప్రయాణానికి ముందు శంకర్ చెవి పోగులు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అత్తమ్మ గుడికి వెళ్లారు. వాడు కుంటుకుంటూ వచ్చి చిన్నోడిని ఒళ్లో వేసుకుని, అలవాటుగా, నాయనమ్మలాగే అరచెయ్యి తిరగేసి వాడి మోకాళ్ల మీద పెట్టాడు. నేను అంగీ ఎత్తాను. వాడు చాలాసేపు చూశాడు.

"అక్కా, నా లెక్కనేనా?"

"నీ లెక్కనే."

"సరే, ఫికర్ చెయ్యకు. నేను మీ అత్తమ్మతోని కొట్లాట పెట్టుకుంట. పీట వెయ్యలేదని, పప్పుల ఉప్పు తక్కువైందని అలిగిపోత. మేనమామ అలిగితే చెవులెట్ల కుడతరు? ఏడాది దాక రాను. విమల పెండ్లి అయిపోతది, అప్పుడు చెప్దువు."

నాకు నవ్వొచ్చింది. వాడు పీట కోసం అలగడం ఊహించుకుంటేనే నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు. "ఇప్పటికే పోలియో పోలియో అని చెప్పీ చెప్పీ నాకే నమ్మకమొచ్చింది. దుకాణానికొచ్చినోళ్లంత కాలుకు తైలాలు చెప్తరు. ఇగ అలుగుడొక్కటే తక్కువ." ఆ తర్వాత నవ్వు ఆపి, చిన్నోడి చెవి తమ్మెను మెల్లగా నిమిరాడు. వాడి చెవుల మీద ఇప్పటికీ గింజంత గట్టి మచ్చలు ఉన్నాయి. "అక్కా, ఒక మాట. ఆ గోనెసంచులు నా కింద పరిచిండ్రని అనుకుంటరు అందరు. నా మీద సుత పరిచిండ్రు. అండ్ల ఊపిరాడది."

వాడు వెళ్లాక పోగుల పొట్లం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వాడు అలుగుతాడు, మాట పడతాడు, చెల్లెలి పెళ్లి అవుతుంది. విమల కూడా ఈ జబ్బును మోస్తున్నదైతే, రేపొకనాడు మరిపెడలో అది తన కొడుక్కి నీళ్లు పోసి, తువ్వాలతో తుడుస్తూ, వాడి చంకల కింద తన వేళ్లు చూస్తుంది. అప్పుడు ఎవరికి చెప్పాలి, ఎవరు అలగాలి? దానికి పాఠం చెప్పిన మేడమ్ కూడా లేదు. అది పదితో చదువు ఆపేసింది.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ చేటలో కందిపప్పు ఏరుతున్నారు. ఏరిన పప్పు పక్కన పళ్లెంలో పోస్తున్నారు. నేను వెళ్లి ఎదురుగా కూర్చుని, ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆ పళ్లెం ముందుకు లాక్కుని మళ్లీ ఏరడం మొదలుపెట్టాను.

"నేను ఏరిన పప్పుల రాళ్లు దేవులాడుతానవా? నా కండ్లు పోయినయనుకున్నవా? మీ అవ్వగారింట్ల గింతనే పని లేకుండ కూసుంటరా?"

"మా ఇంట్ల రెండుసార్లు ఏరుతరు అత్తమ్మా."

"ఎందుకో?"

"మా తమ్ముని చిగురు తెగితే నెత్తురు ఆగదు. వానిది పోలియో కాదు. వాని నెత్తురు గడ్డకట్టది. చిన్నోనికి గట్లనే ఉన్నది. చెవులు కుట్టిస్తే మనకు దక్కడు."

అత్తమ్మ చేతిలోని పప్పు చేతిలోనే ఉండిపోయింది. "మీ అమ్మ నా ముంగట కూసోని పోలియో అన్నది."

"అవును."

"అంటే మమ్ముల ఎడ్డోళ్లను జేసిండ్రు. నీకు సుత ఎరుకేనా?"

"ఎరుకే."

"మా ఇంట్ల గట్లాంటి నెత్తురు ఎన్నడు లేదు."

"మీ ఇంటిది కాదు అత్తమ్మా. నా నుంచి వచ్చింది." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక గది అట్లాగే ఉంది, గోడ గడియారం కొట్టుకుంటూనే ఉంది.

"తే వాన్ని ఇటు" అన్నారు. తెచ్చి అంగీ ఎత్తాను. మచ్చలు పచ్చబారుతున్నాయి. నా వేళ్లు పెట్టి చూపించాను. ఆమె వాడిని బోర్లా తిప్పి వీపు చూశారు, చూసి తన చెయ్యి మెల్లగా ఆ వెడల్పు మచ్చల దగ్గరికి తెచ్చారు. ముట్టుకోలేదు, గాలిలోనే ఆపారు. ఆ లావు వేళ్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క మచ్చకు ఎదురుగా నిలబడ్డాయి.

"ఇది నీ చెయ్యి కాదే. నీయి పుల్లలు. ఇది నాది" అన్నారు. "మొన్న తులసమ్మ గద్దె కాడ పడబోతుంటే పట్టిన. గంత గట్టిగ పట్టలేదు గద."

"గట్టిగ పట్టే పని లేదు అత్తమ్మా."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. నా వైపు చూడకుండా, "మరిపెడకు చెప్పకుండ ఉండలేను. నా చెల్లెను నేను మోసం జెయ్యలేను. నీ చెల్లె పెండ్లి ఆగుతది, ఎరుకేనా?" అన్నారు.

"ఎరుకే. చెప్పండి."

అత్తమ్మ పళ్లెంలోని ఏరిన పప్పంతా తిరిగి చేటలో పోసి, మొదటినుంచి ఏరడం మొదలుపెట్టారు.

రాజన్న దగ్గర శంకర్ మూడు కత్తెరలు వేసి వెంట్రుకలు పళ్లెంలో పెట్టాడు, అంతే. మంగలి కత్తి తీయబోతే అత్తమ్మ, "వద్దు నాయనా, దేవునికి నేను చెప్పుకున్న" అన్నారు. చెవులు కుట్టలేదు. తిరిగొచ్చాక పెద్ద దవాఖానలో పరీక్షకు చిన్నోడి నెత్తురు తీసేటప్పుడు నర్సుతో ఆమె పెట్టుకున్న గొడవ వార్డంతా విన్నది. హైదరాబాద్ పంపిన పరీక్ష ఫలితం ఇంకా రాలేదు కానీ నాకు దాని అవసరం లేదు. డాక్టర్ ఇప్పుడు మాకు చెప్పిన మాటలు మా నాయనమ్మకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ మోకాలు తోమించేది కాదు. తోమకూడదు, చల్లటి గుడ్డ పెట్టాలి, కండలోకి సూదిమందు వద్దు, అవసరమైతే ప్లాస్మా ఎక్కించవచ్చు. అంత మాత్రం తేడా ఉంది, అప్పటికీ ఇప్పటికీ. మిగతాదంతా అదే. మళ్లీ ఒక వాకిలి, మళ్లీ పాకే పిల్లవాడు, ఎక్కడికీ కదలలేని ఒక తల్లి. మరిపెడ నుంచి జవాబు రాలేదు. మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. సంగతి విన్నాక మా ఆయన రెండు రోజులు అన్నం తిని నా ముఖం చూడకుండా లేచిపోయి, మూడోనాడు చిన్నోడిని రెండు అరచేతుల మీద ఎత్తడం ఎట్లాగో చూపించమన్నాడు. విమల మాత్రం శంకర్‌తో ఒక మాట పంపింది. "నాకు ముందుగల్లనే చెప్తే అయిపోతుండె గద అక్కా" అని. అది కోపమో కాదో తెలియడం లేదు. స్వాతి నిద్రలో చెయ్యి నా మీద వేస్తే, ఆ చేతిలోని నెత్తురులో ఏముందో అని దాన్నే చూస్తూ ఉండిపోతాను.

వేములవాడ పోకముందే, అత్తమ్మకు చెప్పిన తెల్లవారి, దుకాణంలో బట్టల బేళ్లకు చుట్టి వచ్చిన గోనె తెప్పించి వాకిట్లో పరుస్తూ కూర్చున్నాను. దబ్బనం పట్టుకోవడం నా చేతులకు ఇంకా గుర్తుంది. చిన్నోడు నా ఒళ్లోకి ఎక్కి సుతిలి ఉండ లాగుతున్నాడు. స్వాతి కళ్లు నలుపుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏం ఎండబోస్తానవమ్మా?"

అత్తమ్మ వంటింటి గుమ్మంలో ఆగి చూస్తున్నారు. నేను దబ్బనం పక్కన పెట్టి, స్వాతిని దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"ఏం ఎండబోస్తలేను బిడ్డా. తమ్ముడు పడితే తాకకుండ పరుస్తాన. మన ఒంట్ల నెత్తురు ఉంటది గద, అండ్ల శానమంది పనోళ్లుంటరు. ఊపిరి మోసేటోళ్లు కొందరు, జబ్బుతోని కొట్లాడేటోళ్లు కొందరు. ఎక్కడన్న చిరిగితే కుట్టనీకి గీ సుతిలి అసొంటిది సుత ఉంటది. తమ్ముని నెత్తుర్ల అది తక్కువున్నది. అందుకే వాన్ని మెల్లగ ఎత్తుకోవాలె."

"నేను తన్నినందుకా?"

"నువ్వేం జెయ్యలేదు. ఎవలు ఏం జెయ్యలేదు. వాడు గట్లనే పుట్టిండు, శంకర్ మామ లెక్క."

స్వాతి ఆలోచించింది. "అమ్మమ్మోళ్ల ఇంటికాడ ఎవలన్న అడిగితే మిరపకాయలు ఎండబోసినం అనాలె గద?"

"అక్కడ సుత మిరపకాయలు కావు బిడ్డా" అన్నాను. "అవి శంకర్ మామ కోసం పరిచినయే. ఎవలడిగినా గట్లనే చెప్పు."